గీత లావెక్కితే చాలదమ్మా, రెండవ్వాలి

చిరంజీవికి ఆశీస్సులు.

స్పెక్ట్రోమీటరులో (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం) సోడియం దీపపు పసుపు గీత రెండుగా కనిపించడం లేదు, ఇంకా పెద్దగా చూపించే ఐపీస్ (కంటి దగ్గరి కటకం) కావాలి అని రాశావు. వద్దమ్మా. నీ వయసులో నేనూ ఓ మధ్యాహ్నమంతా ఐపీస్‌లు మార్చాను. గీత లావెక్కింది తప్ప విడిపోలేదు. చివరికి విసుగొచ్చి స్లిట్ (వెలుగు లోపలికొచ్చే సన్నటి చీలిక) మరను కాస్త బిగించాను. పసుపు పట్టీ సన్నబడుతూ సన్నబడుతూ వచ్చి, మధ్యలో వెంట్రుకంత నల్లటి సందు తెరుచుకుంది.

ఆ రెండు గీతలు 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర ఉంటాయి. ఇంత దగ్గరి జంటను నీ పరికరం విడదీయగలిగితే, ఆ 0.6 తేడా రిజల్యూషన్. 589ని 0.6తో భాగిస్తే వచ్చే సుమారు 980 రిజాల్వింగ్ పవర్. మొదటిది ఎంత తక్కువైతే అంత మంచిది, రెండోది ఎంత ఎక్కువైతే అంత మంచిది. అమ్మేవాళ్లు రెండూ కలిపి 'హై రిజల్యూషన్' అనేస్తారు, నువ్వు మాత్రం అంకె అడుగు.

గ్రేటింగ్‌ను అనుమానించే ముందు లెక్క వేసుకో. గ్రేటింగ్ అంటే దగ్గరదగ్గరగా సన్నటి గీతలు గీసిన, కాంతిని రంగులుగా విడదీసే పలక. దాని మీద వెలుగు పడిన గీతల సంఖ్యను ఆర్డర్‌తో గుణిస్తే దాని రిజాల్వింగ్ పవర్ వస్తుంది. నేరుగా వచ్చే వెలుగుకు పక్కన మొదట కనిపించే వర్ణపటం మొదటి ఆర్డర్, దాని తర్వాతది రెండోది. మిల్లీమీటరుకు 600 గీతలున్న గ్రేటింగ్‌కు మొదటి ఆర్డర్‌లో రెండు మిల్లీమీటర్ల వెడల్పున వెలుగు పడినా ఈ పనికి సరిపోతుంది. కాబట్టి దొంగ దాదాపు ఎప్పుడూ స్లిట్టే, లేదా సరిగా ఫోకస్ చేయని కొలిమేటర్ (స్లిట్ నుంచి వచ్చే వెలుగును సమాంతరంగా మార్చే గొట్టం).

మైక్రోస్కోపుదీ ఇదే కథ. కాంతి తరంగమే అక్కడ అడ్డుగోడ అని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్నస్ట్ అబ్బే 1873లోనే చెప్పాడు. 1.4 న్యూమరికల్ అపర్చర్ (కటకం ఎంత విశాలమైన కోణం నుంచి కాంతిని అందుకోగలదో చెప్పే అంకె) ఉన్న, నూనె చుక్క వేసి వాడే ఆయిల్ లెన్స్‌తో, పచ్చటి కాంతిలో దాదాపు 200 నానోమీటర్ల దగ్గర ఆగిపోతావు. ఆ పైన ఎంత పెంచినా మసకే పెద్దదవుతుంది. ఆకాశం చూసే టెలిస్కోపుకైతే, ఎంత పెద్దగా చూపిస్తుందన్నది కాదు, ముందున్న కటకం వెడల్పు చూడు.

అన్నట్టు, డిజిటల్ మీటరులో చివరి అంకె కదులుతోందని మురిసిపోకు. అక్కడ రిజల్యూషన్ అంటే మీటరు చూపించగలిగిన అతి చిన్న మెట్టు అంతే, కొలత సరైనదనడానికి సాక్ష్యం కాదు.

రేపు ముందు కొలిమేటర్ ఫోకస్ సరిచేసి, తర్వాత స్లిట్ బిగించు. మరీ బిగిస్తే వెలుగు చచ్చిపోతుంది, అందుకని గదిలో దీపాలార్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగు. మొదటి ఆర్డర్‌లో అనుమానంగా ఉంటే స్పెక్ట్రోమీటరు టెలిస్కోపును రెండో ఆర్డర్‌కు తిప్పు, అక్కడ సందు ఇంకాస్త వెడల్పుగా కనిపిస్తుంది.