మిషన్ కింద పడితే దాచకు

బిడ్డా,

ఉద్యోగం మానేసి, ఉపగ్రహాల మధ్య లేజర్‌తో సమాచారం పంపే కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి చాయ్ హోటల్‌లో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నది కూడా నేనేలే.

ప్రైవేటు అంతరిక్ష కంపెనీలకు ఇన్‌స్పేస్ సంస్థ ఇచ్చే అనుమతి, సీఏ, వాటాల కాగితాలు నీకు తెలిసినవే. దేవరకొండ పొలం మాత్రం తాకట్టు పెట్టకు.

నా భయం వేరు. 1986లో ఓ పిల్లకాలువకు లెవెల్స్ తీస్తుంటే, అంటే నేల ఎత్తుపల్లాలు కొలుస్తుంటే, సైకిల్ క్యారియర్ మీంచి లెవెల్ మిషన్ జారి పడింది. అద్దం పగల్లేదు, మట్టం చూపే బుడగ మధ్యలోనే నిలిచింది. రెండు మేకులు పాతి సరిచూస్తే గంట పని. ఎండ మండుతోంది, కాంట్రాక్టర్ తొందర పెడుతున్నాడు. చూడలేదు. పైగా రెండు దూరాలూ సమానంగా పెడితే తప్పు దానంతటదే కొట్టుకుపోయేది, ఆ ఓపిక లేక మిషన్ నుంచి వెనక కొలకర్రకు 20 మీటర్లు, ముందు కొలకర్రకు 80 మీటర్లు పెట్టుకుంటూ పోయాను. మిషన్ చూపులో కోణం తేడా 20 సెకన్లే, అంటే డిగ్రీలో 180వ వంతు. మిషన్ పెట్టిన ప్రతిచోటా 6 మిల్లీమీటర్లు తప్పింది. 30 చోట్లకు దాదాపు జానెడు. చివరి మళ్లకు నీళ్లు ఎక్కలేదు.

తవ్వకమే తప్పన్నాను. చివరి మడి ముసలాయన నమ్మాడు. ఎండిన నారు పక్కన గట్టు మీద కూర్చోబెట్టి చల్ల ఇచ్చాడు. ఆ గుటక ఇప్పటికీ దిగలేదు.

నీకు ఒక్క సెకను తేడా వస్తే వెయ్యి కిలోమీటర్ల అవతల గురి ఐదు మీటర్లు తప్పుతుంది. పైకెళ్లి స్క్రూ తిప్పలేవు. కుదుపు పరీక్ష అయ్యాక అలైన్‌మెంట్ చూడు, వేడికీ చలికీ పెట్టి మళ్లీ చూడు. ఎవరైనా పిల్లాడు వచ్చి "మేడం, చెయ్యి జారింది" అంటే తిట్టకు. తిడితే రెండోసారి చెప్పడు, నాలాగే.

మబ్బు పడితే లేజర్ నేలకు దిగదట కదా, ఒక్క ఊరి స్టేషన్‌ను నమ్ముకోకు. 2023లో నాసా వాళ్లు 3 కోట్ల కిలోమీటర్ల అవతల నుంచి లేజర్‌తో పిల్లి వీడియో పంపారని చదివి నవ్వుకున్నాను. 2025లో కర్నూలు దగ్గర డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చిందని చదివినప్పుడు నవ్వు రాలేదు. సైన్యం వాళ్లు మాట పంపేది అడిగితే చేసిపెట్టు. కాల్చేది అడిగితే సంతకానికి ముందు నాకో ఫోన్ కొట్టు, ఆపను.

మీ అమ్మకు మాత్రం సైన్యం సంగతి చెప్పకు. బీపీ మాత్ర రెండు పూటలా వేసుకుంటుంది.

మీ పెద్దనాయిన