జీతంతో తీరిపోయే రుణమేనా?

ప్రశ్న: సైనికులు, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సు సిబ్బంది చూపే తెగువ గురించి మాట వచ్చినప్పుడల్లా నాకూ నా మిత్రుడికీ వాదన జరుగుతోంది. “ఆ ఉద్యోగాన్ని వాళ్లే కోరి ఎంచుకున్నారు, అందుకు జీతం తీసుకుంటున్నారు, ఇక ఇందులో త్యాగం ఎక్కడుంది?” అని అతడంటాడు. ఆ మాట సరికాదని మనసుకు తెలుస్తోంది గానీ, ఎందుకు కాదో నేను చెప్పలేకపోతున్నాను.

జవాబు: మీ మిత్రుడి వాదనలో కొంత నిజం లేకపోలేదు. శిక్షణ పొందడం, వేళకు హాజరు కావడం, పైఅధికారి ఆజ్ఞను పాటించడం వంటివన్నీ జీతానికి బదులుగా అడగదగినవే. అయితే మంటల్లోకి వెళ్లిన మనిషి, పక్క గదిలో ఇంకెవరో ఉన్నారని తెలిశాక మరో నాలుగు అడుగులు ముందుకు వేస్తాడా, వెనుదిరుగుతాడా అన్నది ఏ నియామక పత్రంలోనూ రాసి ఉండదు. వెనుదిరిగినా అతడి జీతం ఆగదు.

పైగా, జీతమే కారణమైతే జీతం లేనివారు ఈ పనికి రాకూడదు కదా! ఆస్ట్రేలియాలోని లింటన్ దగ్గర 1998 డిసెంబరు 2న కార్చిచ్చును ఆర్పుతుండగా గాలి ఉన్నట్టుండి దిశ మార్చుకోవడంతో ఒక అగ్నిమాపక వాహనం మంటల్లో చిక్కుకుని, అందులోని అయిదుగురూ మరణించారు. వారంతా స్వచ్ఛంద సేవకులే. ఏటా మే 4న జరిగే అంతర్జాతీయ అగ్నిమాపక సిబ్బంది దినోత్సవం, వారి మరణం తరువాత వచ్చిన ప్రతిపాదనతోనే మొదలైంది.

సైనికుల విషయానికి వస్తే, శౌర్యం అనగానే చంపడమే గుర్తుకు రావడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. బ్రిటన్ 1856లో నెలకొల్పిన అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్‌ను రెండుసార్లు పొందినవారు ఇంతవరకు ముగ్గురే ఉండగా, వారిలో ఆర్థర్ మార్టిన్-లీక్, నోయెల్ చావాస్ అనే ఇద్దరు సైనిక వైద్యులు. తూటాల మధ్య పడి ఉన్న క్షతగాత్రులను కాపాడినందుకే వారికి ఆ పతకాలు దక్కాయి. చావాస్ మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఒక సైనికుణ్ణి మోసుకొస్తూ తానే తీవ్రంగా గాయపడి కూడా, విధి నుంచి తప్పుకోవడానికి నిరాకరించి, రెండు రోజులపాటు మళ్లీ మళ్లీ బయటికి వెళ్లి క్షతగాత్రులను వెదికాడు. ఆ యుద్ధరంగంలో తగిలిన గాయాలతోనే కన్నుమూశాడు.

మీ మిత్రుడికి ఒక చిన్న పరికరం గురించి కూడా చెప్పండి. అగ్నిమాపక సిబ్బంది వీపున మోసే గాలి సిలిండర్ అర గంట వస్తుందని లెక్క కట్టినా, శ్రమతో ఊపిరి వేగం పెరిగితే అంతకు ముందే ఖాళీ అవుతుంది. అందుకే ఆ శ్వాస పరికరానికి ఒక అలారం అమర్చుతారు. ధరించిన మనిషి సుమారు అర నిమిషం కదలకుండా ఉంటే అది దానంతట అదే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. ఏమీ కనిపించని పొగలో తోటివారు ఆ మోతను బట్టి అతణ్ణి వెదుక్కుంటూ వెళ్లాలి. తాను కదలలేని క్షణం కోసం చేసిన ఏర్పాటును ఒంటికి తగిలించుకుని మరీ ఆ మనిషి లోపలికి వెళ్తున్నాడు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలిన తరువాత, శిథిలాల కింది నుంచి ఆ అలారాలు ఎన్నో ఒకేసారి మోగాయి.

ప్రశ్న: పూలగుచ్ఛాలు ఉంచడం, రెండు నిమిషాలు మౌనం పాటించడం వట్టి తంతుగా మారిపోయాయనిపిస్తోంది. నిజమైన గౌరవం ఎలా ఉండాలి?

జవాబు: తంతును నేను తీసిపారేయను. బెల్జియంలోని ఈప్ర పట్టణంలో మెనిన్ గేట్ స్మారకంపై, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన 54 వేల మందికి పైగా సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. అక్కడ 1928 నుంచి, రెండో ప్రపంచ యుద్ధకాలపు ఆక్రమణ రోజులు మినహా, ప్రతి సాయంత్రం ఎనిమిది గంటలకు బాకా ఊదుతారు. సమాధి కూడా దక్కని మనిషికి రాతి మీద పేరు ఒక్కటే మిగిలినప్పుడు, దాని ముందు నిలబడటాన్ని వట్టి తంతు అనలేం.

తంతుతోనే సరిపెట్టుకోవడం దగ్గర మాత్రం నాకూ అభ్యంతరం ఉంది. జంట భవనాలు కూలిన 2001 సెప్టెంబరు 11న, ఆ ఒక్క రోజునే న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయింది. అక్కడి విష ధూళిని పీల్చుకుని, తరువాతి ఏళ్లలో జబ్బుల పాలై మరణించిన ఆ శాఖ సిబ్బంది సంఖ్య కూడా 2023 సెప్టెంబరు నాటికి అదే 343కు చేరింది. బతికి బయటపడినవారి వైద్యం కోసం తెచ్చిన చట్టం అమెరికా కాంగ్రెస్‌లో ఆమోదం పొందేసరికి 2010 డిసెంబరు వచ్చింది. ఈ తొమ్మిదేళ్లలోనూ స్మారక సభలు ఏటా జరిగాయి, ప్రసంగాలకూ కొదవ లేదు. దగ్గుతూ వరుసలో నిలబడినవారు మాత్రం తమ జబ్బుకు కారణం ఆ ధూళేనని నిరూపించుకోవలసి వచ్చింది. కాబట్టి గాయపడినవారి వైద్యం, మానసిక చికిత్స, చనిపోయినవారి కుటుంబాల పింఛను సకాలంలో అందుతున్నాయా అని అడగడాన్ని పూలగుచ్ఛం కంటే ముందు ఉంచుతాను.

ఇక మనబోటి వారు చేయగలిగినది చాలా మామూలు పని. సైరన్ వినగానే దారి ఇవ్వాలి, ప్రమాద స్థలం చుట్టూ గుమిగూడకూడదు. స్ట్రెచర్ పోవలసిన చోట ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడటం చూస్తే నాకు కోపం వస్తుందని దాచుకోకుండా ఒప్పుకుంటున్నాను.

ప్రశ్న: మా బాబాయి సైన్యం నుంచి పదవీ విరమణ చేసి వచ్చారు. పదేళ్ల మా అబ్బాయి అందరి ముందూ ఆయనను “నువ్వు ఎంతమందిని చంపావు, తాతయ్యా?” అని అడిగాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయారు. వాడికి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: వాణ్ణి కసురుకోకండి; వాడు చూసిన ఆటల్లో యుద్ధమంటే అదే. బలవంతంగా క్షమాపణ చెప్పించి ఆయనను మరింత ఇబ్బంది పెట్టవద్దు. కొన్నాళ్లు గడిచాక, “నీతో ఎవరెవరు ఉండేవారు తాతయ్యా?” అని అడగమనండి. సైన్యంలో పనిచేసి వచ్చినవారు తమ గురించి చెప్పడానికి మొహమాటపడినా, పక్కనున్నవాడి గురించి అడిగితే చెబుతారు. ఆయన చెప్పకపోయినా ఫరవాలేదు, రెండోసారి అడగనివ్వకండి.