ఆ ఆకుపచ్చ రంగు మీద మిషన్ పెట్టకముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసినప్పుడు మాటల మధ్యలో చెప్పాడు, నువ్వు సాండర్ (గరుకు కాగితంతో చెక్కని నున్నగా అరగదీసే కరెంటు మిషన్) కొన్నావని, నానమ్మ అల్మారాని నీ చేత్తో నువ్వే బాగు చేసుకోబోతున్నావని. వినగానే ఎంత సంతోషం వేసిందో! మన ఇంట్లో ఇంతమంది పిల్లలున్నా పనిముట్టు పట్టాలన్న బుద్ధి పుట్టింది నీ ఒక్కదానికే. నేను చిత్రిక పడుతుంటే పక్కన కూర్చుని, ఉంగరాలు తిరిగి రాలే చెక్క పొరల్ని ఏరి చెవులకు తగిలించుకునేదానివి. గుర్తుందా?

ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ అల్మారాకి ఆకుపచ్చ రంగు వేసింది నేనే. ఆ రంగు గురించి నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఫోన్లో చెబితే మధ్యలో నా గొంతు పట్టేస్తుందని తెలుసు, అందుకే రాస్తున్నాను. ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆ రంగు మీద మిషన్ పెట్టకు.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. కాగితం మార్చేటప్పుడు ప్లగ్గు తీసెయ్. ప్లగ్గు పెట్టే ముందు స్విచ్చు ఆఫ్‌లో ఉందో లేదో చూడు. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకో. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మొత్తం విప్పి వాడు, చుట్టగా ఉంటే వేడెక్కుతుంది. జుట్టు ముడి వేసుకో, వేలాడే బట్టలు వద్దు. కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు పెట్టుకో. చెక్కలో మేకు తలలు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడు. ఇవన్నీ మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటాయి, నువ్వు చదివే ఉంటావు.

పుస్తకం చదివినా చేతికి పట్టుబడనిది బరువు. నీది గుండ్రటి మిషన్ అని మీ నాన్న చెప్పాడు. మంచిదే కొన్నావు. ఇంట్లో మొదటిసారి పట్టుకునేవాళ్లకి బెల్టు సాండర్ వద్దనే చెబుతాను, అది చెక్కని తినేస్తుంది. నీ మిషన్‌లో ఆ చక్రం తన చుట్టూ తాను తిరుగుతూనే, నిమిషానికి ఏడు వేల నుంచి పన్నెండు వేల సార్లు చిన్న చిన్న చుట్లు కొడుతుంది. పని చేసేది ఆ చుట్లే. నువ్వు గట్టిగా నొక్కితే చక్రం తిరగడం మందగించి, చెక్క మీద పంది తోకల్లాంటి వంకీలు పడతాయి. అప్పుడు కనిపించవు. వార్నిష్ వేశాక ఒక్కొక్కటీ పైకి తేలుతుంది. నీకు చిన్నప్పటినుంచీ తొందర ఎక్కువ. ‘ఇంకాస్త నొక్కితే త్వరగా అయిపోతుంది’ అని నీ చెయ్యి అంటుంది. దాని మాట వినకు. మిషన్ బరువు, దాని మీద ఊరికే ఆనించిన నీ చేతి బరువు, ఆ రెండూ చాలు. సెకనుకి ఒక అంగుళం చొప్పున నడిపించు. నీకు విసుగొచ్చేంత నెమ్మది అన్నమాట.

ఒక కిటుకు చెబుతాను. మొదలుపెట్టే ముందు చెక్క మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా లేతగా గీతలు గియ్యి. గీతలన్నీ పోయేదాకా మిషన్ తిప్పు. ఎక్కడ గీత మిగిలిందో అక్కడ కాగితం తగల్లేదని అర్థం. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120కి వెళ్లు, తర్వాత 180. నంబరు పెరిగే కొద్దీ కాగితం మెత్తన. మధ్యలో ఒకటి ఎగరగొట్టకు. 80 చేసిన గాట్లను 180 తియ్యలేదు, ఊరికే మెరుగు పెడుతుంది. కాగితానికి ఉన్న రంధ్రాలు, మిషన్ అడుగున మెత్తకి ఉన్న రంధ్రాలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. పొడి ఆ దారినే సంచిలోకి వెళ్తుంది. పావుగంటకోసారి ఆపి వేళ్లు విదిలించు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కితే ఆ రోజుకి పని చాలు.

ఇక అసలు సంగతి. రంపం చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది, పళ్లు కనిపిస్తాయి కదా. సాండర్‌ని చూస్తే ఎవరికీ భయం వెయ్యదు. వేలు తగిలినా చర్మం గీసుకుపోతుంది, అంతే. దానితో వచ్చిన చిక్కే అది. దాని ప్రమాదం చక్రం దగ్గర ఉండదు, అది లేపే పొడిలో ఉంటుంది. మిషన్ ఆపేశాక కూడా గంటల తరబడి గాల్లో తేలుతూనే ఉంటుంది. కంటికి కనిపించే పొట్టు వెంటనే కింద పడిపోతుంది. కనిపించనంత సన్నటిదే ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. ఏ రంగూ లేని చెక్క పొడి కూడా మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. ముక్కు లోపల, దాని చుట్టూ ఉన్న గదుల్లో వచ్చే క్యాన్సర్. కాబట్టి రుమాలు, గుడ్డ మాస్కు లెక్కలోకి రావు. ఉత్త చెక్కకి కనీసం ఎన్95 మాస్కు, అదీ ముక్కు దగ్గర సందు లేకుండా పెట్టుకో. వీలైతే ఆరుబయట చెయ్యి.

ఇప్పుడు ఆ రంగు సంగతి చెబుతాను.

నువ్వు పుట్టకముందు మాట. నా పెళ్లికి ముందు మా వీధి తలుపుకి ఆకుపచ్చ రంగు వేశాను. డబ్బాలో ఇంకా మిగిలితే నానమ్మ అల్మారాకి కొట్టాను. కొన్నేళ్లకి తలుపు మీద రంగు పెచ్చులు లేచింది. అప్పటికి మీ అన్నయ్యకి, అదే మావాడికి, రెండేళ్లు. తెలిసినవాళ్ల దగ్గర సాండర్ అరువు తెచ్చి, ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. వీధి గది తలుపులు, కిటికీలు తెరిచే ఉన్నాయి. గాలి వస్తుంది, మంచిదే అనుకున్నాను. నా ముక్కుకి రుమాలు కట్టుకున్నాను. పసివాడు లోపలి గదిలో నిద్రపోతున్నాడు. వాడి సంగతి నాకు తోచనే లేదు.

పని ఎంత బాగా వచ్చిందో! పాత రంగు కరిగిపోతున్నట్టు పోయి కింద ఎర్రటి టేకు బయటపడింది. మధ్యాహ్నానికి మిషన్ ఆపి, చీపురు తీసుకుని గదంతా పొడిపొడిగా ఊడ్చాను. ఊడుస్తుంటే ఆకుపచ్చ పొగలా లేచింది. వాడు లేచి వస్తే అదే చొక్కాతో ఎత్తుకుని, ‘చూడరా, నాన్న తలుపు’ అని చూపించాను. వాడు నా భుజం మీద మొహం ఆనించి నవ్వాడు.

మర్నాడు సాయంత్రం లోపలి గది కిటికీ గట్టు మీద చూశాను. లేత ఆకుపచ్చ పొడి సన్నగా పరుచుకుని ఉంది. అందులో చిన్న వేలితో గీసిన సున్నాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వేలు తడి చేసుకుని గీసినట్టున్నాడు, సున్నాల అంచున పొడి ముద్ద కట్టి ఉంది. ముద్దొచ్చి మీ పిన్నిని పిలిచి చూపించాను. తుడిచెయ్యడానికి మనసొప్పక రెండు రోజులు అలాగే ఉంచాను.

కొన్ని వారాలకి వాడికి పొట్టలో నొప్పి మొదలైంది. తిండి మానేశాడు, విరోచనం అయ్యేది కాదు, ఊరికే చిరాకు పడేవాడు, మొహం పాలిపోయింది. మందులు మార్చాం. చివరికి ఒక డాక్టరమ్మ రక్తం పరీక్ష రాసి, నా వైపు తిరిగి, ‘ఈ మధ్య ఇంట్లో ఎక్కడైనా పాత రంగు గీకారా?’ అని అడిగింది. అమ్మలూ, ఆ ప్రశ్న నాకిప్పటికీ వినిపిస్తుంది. వాడి రక్తంలో సీసం ఉంది.

ఆ ఆకుపచ్చలోనే ఉందట. ఆ రోజుల్లో చాలా ఆకుపచ్చలు, పసుపులు సీసం కలిసిన రంగుపొడితోనే తయారయ్యేవి. ఇప్పుడు చాలా దేశాల్లో రంగులో సీసం పది లక్షల పాళ్లకి 90 పాళ్లు దాటకూడదని హద్దు ఉంది. అప్పటి రంగులకి అలాంటి హద్దు లేదు. గోడకో తలుపుకో కదలకుండా ఉన్నంతకాలం దానివల్ల పెద్దగా ముప్పు లేదు. దాన్ని పిండి చేసి ఇల్లంతా చల్లింది నేను. అదే మోతాదు కడుపులోకి వెళితే పెద్దవాళ్ల కంటే పసివాళ్ల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. వాళ్ల చేతులు ఎప్పుడూ నేల మీద, నేల మీంచి నోట్లోకి. పిల్లలకి ఇంతవరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మీ పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమే బకెట్టు, తడిగుడ్డ పట్టుకుని గట్లు, నేల, మంచం కోళ్లు అన్నీ తుడిచింది. నెలల తరబడి రోజూ తుడిచింది. ఇంట్లోంచి పొడి పోయాక, తిండిలో ఐరన్, కాల్షియం చూసుకున్నాక, పరీక్ష పరీక్షకీ అంకె దిగింది. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు, నీకు తెలుసు. కానీ బళ్లో వాడికి లెక్క తప్పిన ప్రతిసారీ, చదువుతూ చదువుతూ దిక్కులు చూసిన ప్రతిసారీ, ఇది వాడి స్వభావమా, నేను చేసిందా అని లోపల్లోపల నన్ను నేనే ప్రశ్నించుకునేవాణ్ని. సీసం మెదడుకి చేసిన చెరుపు మళ్లీ బాగుపడదని అప్పటికే చదివాను. పెద్దయ్యాక వాడికి చెప్పాను. ‘తెలియక చేశావు నాన్నా’ అన్నాడు. నాకు తెలియదు. నీకు ఇప్పుడు తెలిసింది. మీ బుజ్జిగాడికి ఏడాదిన్నర. నా భయం అర్థమైంది కదా.

అల్మారాని వదిలెయ్యమనను. ఇలా చెయ్యి. ముందు కనపడని మూల, వెనక వైపు, ఆ రంగుని తడిపి కత్తితో చెక్క దాకా చిన్న పెచ్చు తీసి కవర్లో వేసి ల్యాబ్‌లో పరీక్షకి ఇవ్వు. సీసం ఉందనే చెబుతారు, అయినా కాగితం మీద చూసుకో. బయట రంగు గట్టిగా పట్టుకునే ఉంటే తియ్యకు. తడిగుడ్డతో తుడిచి, వాటర్ పేపర్‌ని నీళ్లలో ముంచి చేత్తో లేతగా గరుకు చేసి, దాని మీదే కొత్త రంగు వెయ్యి. ఆ బురదని ఆరనివ్వకుండా గుడ్డతో ఎత్తి, ఆ గుడ్డ పారెయ్. తలుపులు ఒరుసుకునే అంచులు మాత్రం జాగ్రత్త. తీసినప్పుడల్లా అక్కడ రంగు రాలుతుంది. అక్కడ రంగు ఊడదీసే మందు పూసి, తడి మీదే గీకి తీసెయ్యాలి. మంటతో గానీ వేడి గాలి మిషన్‌తో గానీ కాల్చి తీద్దామనుకోకు, సీసం ఆవిరై నేరుగా ఊపిరిలోకి పోతుంది.

ఇంత చెప్పి మిషన్ మూల పెట్టమంటున్నానని బెంగపడకు. లోపలి అరలకి నేను రంగు వెయ్యలేదు, ఉత్త టేకు. ఆ పలకలు ఊడి వస్తాయి. అంచుల మీద ఆకుపచ్చ మరక ఉన్న పలకని పక్కన పెట్టి, మిగతావి ఆరుబయటికి తీసుకెళ్లు. నీ సాండర్ అక్కడ పనికొస్తుంది. ఆ చెక్క ఎంత అందంగా వస్తుందో చూస్తావు. పని అయ్యాక చీపురు ముట్టకు. సన్న పొడిని కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్, దాని తర్వాత తడిగుడ్డ. మామూలు వాక్యూమ్ సన్న పొడిని వెనక నుంచి మళ్లీ గదిలోకే ఊదేస్తుంది. బట్టలు విప్పి విడిగా ఉతుకు. స్నానం చేశాకే బుజ్జిగాణ్ని ఎత్తుకో. ‘అమ్మా’ అని చేతులు చాచినా సరే, ముందు స్నానం.

ఇంకొకటి మర్చిపోయేవాణ్ని. పలకలకి అవిసె నూనె పట్టించాలనుకుంటే, నూనె గుడ్డని ఉండచుట్టి మూల పడెయ్యకు. ఆరేటప్పుడు దానికదే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో వెయ్యి. సాండర్ సంచీ కూడా రోజూ పని కాగానే బయట ఖాళీ చెయ్యి, రాత్రంతా ఇంట్లో ఉంచకు.

తలుపు అంచుల పని నువ్వు ఒక్కదానివే చెయ్యొద్దు. పరీక్ష కాగితం రాగానే ఫోన్ చెయ్యి, నేను వస్తాను. ఆ రంగు వేసింది నేను, తియ్యడానికీ నా చెయ్యి ఉండాలి. ఆ రెండు రోజులు అల్లుడు బుజ్జిగాణ్ని తీసుకుని మీ నాన్న దగ్గరికి వెళ్తే బాగుంటుంది. ఆ అంచుల పనికి ఎన్95 చాలదు, పొడిని ఇంకా బాగా ఆపే పీ100 ఫిల్టర్ల మాస్కు కావాలి. రెండు కొను. నాది పెద్ద సైజు.

మీ
బాబాయి