వెనకబడ్డ పిల్లలకు ఆడియో పాఠాలు: స్పీకర్ కొనే ముందు గ్యాప్‌లు కొలవండి

ప్రశ్న ఇది: "నాలుగో తరగతిలో సగం మందికి రెండంకెల తీసివేతలు రావు, చదవమంటే కూడబలుక్కుంటారు. ఇంటరాక్టివ్ ఆడియో పాఠాలు పెడితే అందుకుంటారా? ఏ స్పీకర్ కొనాలి, ఏ యాప్ వాడాలి?"

అందుకుంటారు, సరిగ్గా నడిపితే. స్పీకర్ సంగతి చివర్లో చెప్తాను. ఇలాంటి పాఠం ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పడానికో పని చేయడానికో కాసేపు ఆగుతుంది. ఆ ఆగడమే గ్యాప్. ముందు మీ దగ్గరున్న పాఠం ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతోందో చూడండి. స్టాప్‌వాచ్ పెట్టి పది ప్రశ్నల దగ్గర కొలవండి. పదింటికీ అదే మూడు సెకన్లు వచ్చిందంటే ఆ పాఠాన్ని స్టూడియోలో కూర్చుని చేశారు, ఒక్కసారి కూడా పిల్లల ముందు పెట్టి చూడలేదు.

43లోంచి 18 తీసేసే పాఠం తీసుకోండి. ప్రతి పిల్ల ముందూ నాలుగు పదుల కట్టలు, మూడు విడి పుల్లలు ఉంటాయి. ఆడియో "ఒక కట్ట విప్పి ఎనిమిది పుల్లలు తీయండి" అంటుంది. ఐదు సెకన్లు ఆగుతుంది. "తీశారా? భలే! ఇప్పుడు విడి పుల్లలు ఐదు మిగిలాయి కదా!" ముందు వరసలో ఇద్దరు "అవును" అని అరుస్తారు. అప్పుడు వెనక్కి తిరిగి మిగతావాళ్లను చూడండి. ఒకడు రబ్బరు బ్యాండు ఇంకా లాగుతూనే ఉంటాడు. చిన్న వేళ్లకు ఆ ఒక్క పనికే పది, పన్నెండు సెకన్లు పడుతుంది. ఒక పిల్ల తన దగ్గర విడిగా మూడే ఉన్నాయని ఆ మూడూ తీసి, పక్కపిల్ల పుల్లల వైపు చూస్తూ ఉంటుంది. ఇంకొకడు పుల్లలు ముట్టుకోకుండానే పలక మీద 35 వేసేసి ఉంటాడు: ఎనిమిదిలోంచి మూడు పోతే ఐదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. ఈ ముగ్గురికీ పాఠం అక్కడితో అయిపోయింది. మిగతా పన్నెండు నిమిషాలూ పెదవులు కదుపుతారు, అంతే.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. ఆ ఒక్క వాక్యాన్ని మూడు ముక్కలు చేయాలి. "ఒక కట్ట విప్పండి", 15 సెకన్లు. "ఇప్పుడు విడి పుల్లలన్నీ లెక్కపెట్టండి", 15 సెకన్లు. "పదమూడు. అందులోంచి ఎనిమిది తీసి పక్కన పెట్టండి", 10 సెకన్లు. తర్వాత జవాబు 25 అని చెప్పి ఊరుకోకూడదు. "ఎవరికైనా 35 వచ్చిందా? పైన ఉన్న మూడులోంచి ఎనిమిది తీయాలి, మీరు ఎనిమిదిలోంచి మూడు తీశారు. మళ్లీ పుల్లలతో చేసి చూడండి" అని పిల్లలు చేయబోయే తప్పును ఆడియోనే ముందుగా పలకాలి. ఆ మాట లేని తీసివేత పాఠం నా లెక్కలో పాఠమే కాదు.

గ్యాప్ ఎంత ఉండాలో ఊహించి పెట్టకండి. అదే పనిని ఆ స్థాయి పిల్లలు ఆరుగురి చేత చేయించి, అందరికంటే నెమ్మదైన పిల్లను పక్కన పెట్టి, ఆ తర్వాతి పిల్లకు పట్టిన సమయం తీసుకోండి. మాటను తిరిగి పలకడానికి 2, 3 సెకన్లు చాలు. నోటిలెక్కకు 5, 6. పలక మీద ఒక చిన్న వాక్యం రాయాలంటే 20 నుంచి 30. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే చూపించారు: టీచర్లు ప్రశ్న అడిగి ఒక సెకనుకు మించి ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని. అది నోటితో చెప్పే జవాబుల సంగతి. చేతులతో చేసే పనికీ అదే మూడు సెకన్లు పెడితే ఎలా?

గ్యాప్‌ను పూర్తి నిశ్శబ్దంగా వదలకండి, సన్నటి టిక్ టిక్ చప్పుడు ఉంచండి. దానివల్ల రెండు లాభాలు. పాఠం ఆగిపోలేదని పిల్లలకు తెలుస్తుంది. రెండోది, చాలా బ్లూటూత్ స్పీకర్లు కాసేపు శబ్దం రాకపోతే నిద్రలోకి పోయి, మళ్లీ మాట మొదలవగానే మొదటి అక్షరాన్ని మింగేస్తాయి. "ఇరవై" కాస్తా "రవై" అవుతుంది. యాప్ అడిగారు కాబట్టి చెప్తున్నాను: నిశ్శబ్దాన్ని దాటేసే సెట్టింగ్ ఉన్న ప్లేయర్ అయితే అది తప్పకుండా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే గ్యాప్‌లన్నీ పోయి ఇరవై నిమిషాల పాఠం పన్నెండులో ముగుస్తుంది. "పాఠాలు పెట్టాం, లాభం లేదు" అనేవాళ్లు మొదట ఈ సెట్టింగ్ చూసుకోవాలి.

ఇక కోరస్. అందరూ కలిసి అరిచే జవాబులో వెనకబడ్డ పిల్ల హాయిగా దాక్కుంటుంది, అర సెకను ఆలస్యంగా చివరి అక్షరం అందుకుంటుంది. అందుకే ప్రతి నాలుగైదు ప్రశ్నలకు ఒకసారి "కిటికీ వైపు కూర్చున్నవాళ్లే చెప్పండి" అనో, "రాసి పలకలు పైకెత్తండి" అనో ఉండాలి. పాఠంలో లేకపోతే గదిలో ఉన్న పెద్దవాళ్లు ఆ పని చేయాలి. ఆ పెద్దవాళ్లు శిక్షణ పొందిన టీచరే కానక్కర్లేదు. 2000లో జాంబియాలో మొదలైన రేడియో పాఠాలను బడి లేని పిల్లల దగ్గర నడిపింది చాలాచోట్ల స్థానిక వాలంటీర్లే. కానీ మనిషి ఉండాలి, తిరుగుతూ ఉండాలి. స్పీకర్ ఆన్ చేసి రిజిస్టర్ రాసుకునేవాళ్లుంటే పాఠాలు పెట్టడం దండగ.

నేపథ్య సంగీతం గురించి ఒక మాట. ఎవరు మొదలుపెట్టారో కానీ ప్రతి పాఠం కింద ఒక ట్యూన్ నడుస్తూ ఉంటుంది. వెనక బెంచీకి శ, ష, స తేడా అసలే అందదు. ఫైల్‌ను బాగా కుదించినా, స్పీకర్ నాసిరకమైనా మొదట పోయేవి ఆ ఊష్మాలే. వాటి మీద సంగీతం పోస్తే ఇక అక్షరాల పాఠం ఎందుకు? అంకెల్లోనూ అంతే. పదిహేను, పదహారు చెవికి దగ్గరగా ఉంటాయి. "పదిహేను, ఒకటీ ఐదూ" అని విడగొట్టి పలకాలి.

పిల్లలను తరగతిని బట్టి కూర్చోబెట్టకండి, వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టండి. ఒక్కొక్కరిని విడిగా పిలిచి అక్షరం, పదం, వాక్యం చదివించి, రెండు లెక్కలు చేయిస్తే మూడు నిమిషాల్లో తేలిపోతుంది. గుంపుకు 15 మంది, మహా అయితే 20. రోజూ 20 నిమిషాల ఆడియో, వెంటనే ఆడియో లేకుండా మరో 20 నిమిషాలు అవే లెక్కలు. 1974లో నికరాగ్వాలో మొదలైన రేడియో లెక్కల ప్రాజెక్టులోనూ ప్రసారం అయ్యాక టీచర్ చేయించే పని విడిగా ఉండేది. చాలామంది ఆ రెండో సగాన్ని ఎగ్గొడతారు, మళ్లీ ఫలితం రాలేదంటారు. పాఠం మధ్యలో పాజ్ నొక్కొచ్చు, కానీ మూడుసార్లకు మించి నొక్కాల్సి వస్తే ఆ పాఠం ఆ గుంపు స్థాయికి మించినది. నాలుగైదు పాఠాలు వెనక్కి వెళ్లండి.

స్పీకర్: 15, 20 మందికి 10 వాట్లది చాలు. గోడ మూలన పెట్టకండి, మాట గుమ్మని ముద్దగా వస్తుంది. గది పక్క గోడకు మధ్యలో, గోడకు కాస్త ఎడంగా, కూర్చున్న పిల్లల తల ఎత్తులో స్టూలు మీద పెట్టండి. పెన్ డ్రైవ్ లేదా మెమరీ కార్డు పట్టేది కొనండి, ఫోన్‌కు కాల్ వచ్చి పాఠం తెగిపోయే బాధ ఉండదు. ఫైళ్లకు 1, 2, 3 అని కాకుండా 001, 002 అని పేర్లు పెట్టండి, లేకపోతే 1 తర్వాత 10 మోగుతుంది. కొన్ని స్పీకర్లు పేరు కూడా చూడవు, కాపీ చేసిన వరుసలోనే వినిపిస్తాయి. అందుకని ఖాళీ కార్డులోకి ఒక్కొక్కటిగా, వరుసగా కాపీ చేయండి.