12 మెట్లూ పెట్టాను, అయినా కథ కదలడం లేదు

ప్రశ్న: మాది గాజువాక. బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. స్క్రీన్‌ప్లే రచయిత్రి కావాలని ఉంది. యూట్యూబ్‌లో చూసి ‘హీరోస్ జర్నీ’ (కథానాయకుడి ప్రయాణాన్ని మెట్లుగా చెప్పే కథా పద్ధతి) 12 మెట్ల ప్రకారం 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్ రాశాను, స్క్రిప్టు జత చేశాను. నాన్న పోయాక అమ్మకానికి పెట్టిన బోటును నిలబెట్టుకోవాలనుకునే లక్ష్మి కథ అది. విన్నవాళ్లంతా “బాగానే ఉంది గానీ ఏదో తగ్గింది” అంటున్నారు. పురాణ కథల పద్ధతిలో స్క్రిప్టు రాయడం నేర్పిస్తామంటూ 45 వేల ఫీజుతో ఒక ఆన్‌లైన్ కోర్సు కనిపించింది. చేరమంటారా? డిగ్రీ ఆపేసి హైదరాబాద్ వెళ్లిపోతే త్వరగా అవకాశం వస్తుందా?

జవాబు: డిగ్రీ మాత్రం ఆపకండి. ఎందుకో చివర్లో చెబుతాను. ముందు స్క్రిప్టు సంగతి చూద్దాం.

12 నిమిషాల్లో 12 మెట్లంటే మెట్టుకు ఒక నిమిషం, కాగితం మీద దాదాపు ఒక పేజీ. మొదటి పేజీలో మామూలు జీవితం, రెండో పేజీలో పిలుపు, మూడో పేజీలో “నావల్ల కాదు”, నాలుగో పేజీలో గురువు. వింటుంటే హాజరు పట్టీ చదువుతున్నట్టుంది. లక్ష్మికి భయం వేసిందని మీరు రాశారు, కానీ ఆ భయం మనకు తగిలేలోపే తర్వాతి మెట్టు వచ్చేసింది. షార్ట్ ఫిల్మ్‌కు నాలుగు చాలు: ఆమెలోని వెలితి, దాటితే వెనక్కి రాలేని గడప, ఒక గట్టి పరీక్ష, దానికి ఆమె చెల్లించిన ధర. మిగతావి ఏదో ఒక చూపులోనో, సగం మాటలోనో వచ్చిపోతే చాలు.

ఈ పట్టిక ఎలా పుట్టిందో తెలిస్తే దాన్ని ఎలా వాడాలో కూడా తెలుస్తుంది. జోసెఫ్ క్యాంప్‌బెల్ లోకంలోని పురాణ కథలను పోల్చి చూసి, 1949లో 17 దశలుగా చెప్పారు. అప్పటికే ఉన్న కథల్లో ఆయనకు కనిపించిన పోలిక అది. 1980ల్లో క్రిస్టఫర్ వోగ్లర్ దాన్ని 12కు కుదించి డిస్నీలో 7 పేజీల మెమోగా తిప్పారు. అప్పట్లో ఆయన పని స్టూడియోకు వచ్చే కథలు చదివి మంచిచెడ్డలు చెప్పడం. ఇద్దరూ ముందే రాసి ఉన్న కథలనే చదివారని గమనించండి. కాబట్టి మొదటి డ్రాఫ్టు పట్టిక చూడకుండా రాయండి. రాశాక ఎక్కడో చప్పగా ఉందనిపిస్తే అప్పుడు పట్టిక తీసి, ఆ చోట ఏం లోపించిందో వెతకండి.

ఇక ఆర్కిటైప్‌లు, అంటే కథ తర్వాత కథలో మళ్లీ మళ్లీ కనిపించే పాత్రల మూసలు. మీ పాత్రల జాబితాలో ‘గురువు: ముసలి తాత’, ‘గడప కాపలాదారు: బ్యాంకు మేనేజర్’ అని రాసుకున్నారు. చిక్కంతా అక్కడే. గురువు, కాపలాదారు, వేషం మార్చేవాడు, నీడ అనేవి కథలో జరగాల్సిన పనుల పేర్లు. ఒకే మనిషి ఒక సీన్‌లో ఒక పని, ఇంకో సీన్‌లో ఇంకో పని చేయొచ్చు. ఒక్క పనికే ఒక మనిషిని పుట్టిస్తే ఆ మనిషి తన ముక్క చెప్పేసి మాయమవుతాడు. మీ తాత అచ్చంగా అదే చేశాడు.

హనుమంతుడు సముద్రం దాటే ఘట్టం ఒకసారి తీసి చదవండి, భక్తితో సరే, ఈసారి పెన్సిల్‌తో కూడా. ఒడ్డున మౌనంగా ఉన్నవాడికి జాంబవంతుడు అతని బలం గుర్తుచేస్తాడు. గురువు పని అంతవరకే, లంఘించాల్సింది హనుమంతుడే. దారిలో మైనాకుడు పైకి లేచి విశ్రాంతి తీసుకోమంటాడు. హనుమంతుడు అతన్ని చేత్తో తాకి, మర్యాద చెల్లించి సాగిపోతాడు. సురస నోరు పెంచుకుంటూ 100 యోజనాలు చేస్తుంది. ఇతను బొటనవేలంత అయిపోయి నోట్లోకి దూరి బయటికొస్తాడు. సింహిక నీడను పట్టి లాగితే చంపుతాడు. లంక వాకిట్లో లంకిణిని ఎడమ చేతి గుద్దుతో సరిపెడతాడు. ఆశ పెట్టేది ఒకటి, తెలివిని పరీక్షించేది ఒకటి, కనపడకుండా పట్టుకునేది ఒకటి, వాకిలి కాచేది ఒకటి. ఒకచోట పనికొచ్చిన ఉపాయం ఇంకోచోట పనికిరాదు.

మీ లక్ష్మికీ ముగ్గురు అడ్డుపడ్డారు: బ్యాంకు మేనేజర్, వడ్డీ వ్యాపారి, బాబాయి. ముగ్గురికీ ఆమె ఇచ్చింది ఒకే రకం జవాబు, ఒక ఆవేశపు డైలాగు. విన్నవాళ్లకు తగ్గిందనిపించింది ఇదే. 12 నిమిషాల్లో ముగ్గురికి చోటు లేదు, మేనేజర్‌నూ వడ్డీ వ్యాపారినీ తీసేయండి. బాబాయిని ఉంచి, అతనికి న్యాయమైన కారణం ఇవ్వండి: డీజిల్ బాకీ, ఇంట్లో పెళ్లి ఖర్చు. అతను చెప్పేది నిజమేనని లక్ష్మికే ఒక క్షణం అనిపించాలి. అతని పక్కన ఒక మైనాకుణ్ని పెట్టండి. దువ్వాడ సెజ్‌లో ఉద్యోగం చూశానని ప్రేమగా చెప్పే అత్త సరిపోతుంది. ప్రేమతో అడ్డుపడేవాళ్లను కాదనడం అన్నిటికన్నా కష్టం.

తాత సీన్ కూడా మార్చాలి. మీరు రాసింది: “నీలో ఒక శక్తి ఉంది తల్లీ, దాన్ని నమ్ముకో.” ఈ మాట ఏ ఊళ్లో ఎవరైనా అనొచ్చు. దాని బదులు హార్బర్‌లో చేపల వేలం పాడే ఆవిడను తీసుకోండి, లక్ష్మి నాన్న ఆవిడకు బాకీ. “ఏటే గుంటా, మీ అయ్య పద్దు ఇంకా తీరనేదు. ముందు ఆ వల బాగు సెయ్యి, అప్పుడు మాటాడదాం” అంటుంది. వాకిలి కాస్తున్నదీ దారి చూపిస్తున్నదీ ఆవిడే. “నమ్ముకో” అంటే కెమెరా తీయడానికి ఏమీ లేదు. వల అంటే చేతులున్నాయి, చిరుగులున్నాయి, కుట్టడం పూర్తయిందా లేదా అన్న ఆత్రం ఉంది.

గడువు మీ కళ్లముందే ఉంది, మీరే వాడుకోలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, మరమ్మతులు, రంగులు, వలలు కుట్టుకోవడం ఆ రోజుల్లోనే. కథను నిషేధం ముగిసే చివరి మూడు రోజుల్లో పెట్టండి. బోటు కదులుతుందా లేదా అన్నది తేదీయే చెప్పేస్తుంది, ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

రేపు పెద్ద సినిమా రాసేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. 12 మెట్ల పట్టికకు ఇంటర్వెల్ తెలియదు, మన సినిమాకు అదే వెన్నెముక. రెండున్నర గంటల కథలో 75వ నిమిషం దగ్గర బ్యాంగ్ కావాలని పరమ పరీక్షను అక్కడికే లాక్కొస్తారు, ఇక సెకండాఫ్‌కు మిగిలేది పగ తీర్చుకోవడమే. దీనికి నాట్యశాస్త్రంలోని పంచసంధులు, అంటే కథ నడిచే ఐదు ఘట్టాలు, మేలని నా అభిప్రాయం. ముఖంలో బీజం పడుతుంది, ప్రతిముఖంలో కనిపించీ కనిపించనట్టు మొలకెత్తుతుంది, గర్భంలో చేతికందినట్టే అంది జారిపోతుంది, అవమర్శలో పెద్ద విఘ్నం వస్తుంది, నిర్వహణలో దారాలన్నీ ఒకచోటికి చేరతాయి. గర్భసంధిలో ఆ జారిపోయే క్షణం దగ్గర ఇంటర్వెల్ వేస్తే, అసలు విఘ్నం సెకండాఫ్‌కు భద్రంగా ఉంటుంది.

కోర్సు విషయం. డబ్బు కట్టేముందు వాళ్లను ఒక్కటే అడగండి: నేను రాసిన పేజీల్లో ఎన్ని చదివి, రాతపూర్వకంగా తప్పులు చెప్పి తిప్పి పంపుతారు? నికరంగా ఒక అంకె రాకపోతే కట్టొద్దు. వీడియోల్లో ఉండేది ఎలాగూ ఇదే పట్టిక. ఆ డబ్బులో కొద్ది భాగంతో మీ 12 పేజీలనూ ఫోన్ కెమెరాతో తీసి ఎడిట్ చేసుకుంటే, ఏ సీన్ ఎక్కడ సాగిందో టేబుల్ మీదే బయటపడుతుంది. సంభాషణలు నోట పలికించి వినాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది, అక్కడి విద్యార్థులను చదివి వినిపించమని అడగండి.

డిగ్రీ ఎందుకంటే, పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో స్క్రీన్ రైటింగ్ పీజీ స్థాయి కోర్సు. ఏ డిగ్రీ అయినా సరే, అది చేతిలో ఉండాలి. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పీజీ కోర్సులకూ అంతే. మీకు మిగిలింది ఒక్క ఏడాది. హైదరాబాద్‌లో రైటింగ్ డిపార్ట్‌మెంట్‌లో చేరితే మొదట్లో చేయించేది సిట్టింగ్స్‌లో (కథా చర్చల్లో) నోట్స్ తీసుకోవడం, సీన్ ఆర్డర్ ఫెయిర్ చేయడం. డబ్బు రాకపోవచ్చు, వచ్చినా నెలనెలా రాదు. కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని, డిగ్రీ అయ్యాకే రైలెక్కండి.

బయటివాళ్లకు కథ చెప్పేముందు స్క్రిప్టు పూర్తిగా రాసి ఉండాలి. కాపీరైట్ చట్టం రాసినదాన్ని కాపాడుతుంది, నోటితో చెప్పిన ఐడియాను కాదు. రాయగానే హక్కు మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. ఇంకొక మాట, రిజిస్టర్ చేసేది తాతను తీసేసిన కొత్త డ్రాఫ్టునే.