పెద్ద టీవీ కొనే ముందు ఇంటికి ఎవరొస్తారో ఆలోచించుకోండి

సెలవులకి అమెరికా నుంచి గుంటూరు వచ్చి పది రోజులైంది. బ్రాడీపేటలో మా ఇంటికి సాయంత్రం కాఫీ వేళకి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. అడిగేవి చాలావరకు వీసా సంగతులే. నిన్న వెనక వీధి కుర్రాడు మాత్రం వేరే సందేహంతో వచ్చాడు. డల్లాస్‌లో ఉద్యోగంలో చేరి ఏడాదైంది, పెళ్ళికని వచ్చాడు. భార్యతో తిరిగి వెళ్ళగానే 65 అంగుళాల టీవీ కొంటాడట. "అన్నయ్యా, ఓలెడ్ అయితే కరెంటు బిల్లు తక్కువ వస్తుందంటున్నారు. ఐదొందల డాలర్లు ఎక్కువ పెట్టినా బిల్లులో కలిసొస్తుందా?" అని అడిగాడు. కొత్తగా వెళ్ళినవాళ్ళు చాలామంది అడిగే ప్రశ్నే కాబట్టి వాడికి చెప్పింది ఇక్కడా రాస్తున్నాను.

ముందు ఈ పేర్ల గందరగోళం తేల్చుకోవాలి. షాపులో ఎల్ఈడీ, క్యూలెడ్, మినీ ఎల్ఈడీ అని మూడు రకాలుగా చెబుతారు కానీ మూడూ ఎల్‌సీడీలే. వెనక నుంచి ఎల్ఈడీ లైట్లు వెలుగుతుంటాయి, ముందున్న పొర ఆ వెలుగుని ఆపుతూ వదులుతూ బొమ్మ చూపిస్తుంది. క్యూలెడ్‌లో రంగుల కోసం ఇంకో పొర వేస్తారు. మినీ ఎల్ఈడీలో వెనక లైట్లు బాగా చిన్నవి, లెక్కకి ఎక్కువ. బొమ్మలో చీకటి ఉన్నచోట వాటిని గుంపులుగా తగ్గిస్తారు. ఓలెడ్ ఒక్కటే వేరే జాతి. దానికి వెనక లైటే లేదు, ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెలే వెలుగుతుంది. నలుపు రావాల్సినచోట పిక్సెల్ ఆరిపోతుంది, అక్కడ కరెంటూ కాలదు. అందుకని రాత్రి సీన్లున్న సినిమాకి ఓలెడ్ తక్కువ తాగుతుంది. అదే పగటిపూట క్రికెట్ మ్యాచ్ పెడితే తెరంతా వెలగాలి కాబట్టి ఎల్‌సీడీ కంటే ఎక్కువే తాగొచ్చు.

సరే, డబ్బుల లెక్క. కాయితం తెప్పించి వాడిచేతే వేయించాను. టీవీ 120 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకి 5 గంటలు చూస్తే 0.6 యూనిట్. ఏడాదికి 219 యూనిట్లు. మీ డల్లాస్‌లో యూనిట్ 15 సెంట్లనుకుంటే 33 డాలర్లు. కాలిఫోర్నియాలో యూనిట్‌కి 35 సెంట్లు కట్టేవాళ్ళయితే 77 డాలర్లు. ఇప్పుడు నువ్వు చూస్తున్న రెండు టీవీల మధ్య 40 వాట్ల తేడా ఉందనుకో, ఏడాదికి 73 యూనిట్లు, అంటే మీ రేటుకి 11 డాలర్లు. ఐదొందల డాలర్లు అలా రాబట్టుకోవాలంటే 45 ఏళ్ళు పడుతుంది. అప్పటికి నీ మనవళ్ళు ఆ టీవీని పాత సామాన్లలో పడేసి ఉంటారు.

అమెరికాలో అమ్మే టీవీల మీద పసుపు రంగు ఎనర్జీ గైడ్ లేబుల్ ఉంటుంది. అదీ రోజుకి 5 గంటల లెక్కే. కాకపోతే దానిమీద వేసిన రేటు మీ ఊరి రేటు కాదు. డల్లాస్‌లో కరెంటు ప్లాను చూపించేటప్పుడు యూనిట్ చార్జీ ఒకటే పెద్దక్షరాల్లో కనిపించొచ్చు, డెలివరీ చార్జీ కింద వేరే లైనులో ఉండొచ్చు. మొత్తం బిల్లుని యూనిట్లతో భాగించుకుంటే అసలు రేటు తెలుస్తుంది. యూరప్‌లో ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, అక్కడి లేబుల్ మీద 1000 గంటలకి ఎన్ని యూనిట్లో నేరుగా వేస్తారు.

టీవీకి కరెంటు ఖర్చు చూసుకోవాలన్న మాట ప్లాస్మా అనే పాతరకం ఫ్లాట్ టీవీల కాలం నాటిది. అప్పుడది నిజమే. మా నాన్న 2010లో 50 అంగుళాల ప్లాస్మా కొన్నారు. మే నెలలో సాయంత్రం రెండు గంటలు నడిచాక దాని పై అంచు మీద చెయ్యి పెడితే అప్పుడే దించిన అట్లపెనంలా ఉండేది. అది 400 వాట్లు తాగితే, ఆ వేడంతా హాల్లోకే వచ్చేది, దాన్ని చల్లార్చడానికి ఏసీ మళ్ళీ కరెంటు తాగేది. మా అమ్మ వేసవిలో టీవీ కట్టేసి వసారాలో కూర్చునేది. 2014కల్లా పెద్ద కంపెనీలన్నీ ప్లాస్మాల తయారీ మానేశాయి. ఈ రోజుల్లో ఎవరైనా చవగ్గా పాత ప్లాస్మా ఇస్తానంటే ఊరికే ఇచ్చినా వద్దనండి.

ఇప్పటి టీవీల్లో అసలు ఖర్చు బిల్లులో ఉండదు. నాకెక్కడ తగిలిందో చెబుతాను.

నేను ఓలెడే కొన్నాను. సినిమా చూస్తే ప్రాణం లేచొచ్చేది, దానికి వంక పెట్టను. తర్వాత అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లున్నారు. మేమిద్దరం ఆఫీసుకి, పిల్లలు బడికి. నాన్నకి బయటికి వెళ్ళాలంటే కారు నడపడం రాదు. పొద్దున్న కాఫీ గ్లాసుతో సోఫాలో కూర్చుంటే రాత్రి భోజనాల దాకా తెలుగు న్యూస్ చానలే. అడుగున ఎర్ర పట్టీ, దాని మీద పరిగెత్తే అక్షరాలు, మూలన చానల్ గుర్తు. రోజుకి తొమ్మిది పది గంటలు అదే చోట. వాళ్ళు ఊరెళ్ళిన వారానికి పిల్లలు సముద్రం మీద ఏదో కార్యక్రమం పెట్టారు. నీలం నీళ్ళ కింద పట్టీ మేరకి మాసిన గీత, మూలన చానల్ గుర్తు నీడ! ఓలెడ్‌లో పిక్సెల్ వెలిగినకొద్దీ అరుగుతుంది, ఒకేచోట ఎక్కువ వెలిగినవి ముందు మసకబారతాయి. ఇలాంటి నీడలు పోగొట్టడానికని సెట్టింగుల్లో ఉన్న పిక్సెల్ రిఫ్రెష్ రెండు రాత్రులు నడిపించాను, పోలేదు. కంపెనీవాళ్ళు ఇది వారంటీ కిందకి రాదన్నారు. తెర మార్చడానికి చెప్పిన ధరకి ఇంకో కొత్త టీవీ వస్తుంది. నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

ఎల్‌సీడీకి ఈ భయం దాదాపు లేదు. పైగా మీ అపార్ట్‌మెంట్ హాలుకి పెద్ద కిటికీలుంటే పగలు మినీ ఎల్ఈడీయే బాగా కనిపిస్తుంది. రాత్రి దీపాలార్పి సినిమాలు చూసే ఇంటికి ఓలెడ్‌కి మించింది లేదు, డబ్బు పెట్టండి.

ఏది కొన్నా ఇంటికి రాగానే వివిడ్ మోడ్ తీసేయండి. షాపు వెలుతురులో మెరవడానికి పెట్టిన మోడ్ అది, ఇంట్లో కళ్ళకీ బిల్లుకీ దండగ. టీవీ చప్పున వెలగడానికి పెట్టిన క్విక్ స్టార్ట్ కూడా ఆపేయండి, మనం కట్టేశామనుకున్నప్పుడూ కరెంటు లాగుతూనే ఉంటుంది. అమెరికాలో కాస్ట్‌కో అనే పెద్ద దుకాణంలో కొంటే టీవీకి రెండేళ్ళ వారంటీ, నచ్చకపోతే 90 రోజుల్లో తిరిగిచ్చే వీలు ఉన్నాయి. ప్రొజెక్టర్ సంగతి అడిగేవాళ్ళకి ఒకటే మాట, దీపం ఉన్న రకమైతే కొన్ని వేల గంటలకోసారి దాన్ని మార్చే ఖర్చు కూడా కలుపుకోండి.

"పాతబడ్డాక ఇక్కడికి తెచ్చేస్తా, మా అమ్మకి పనికొస్తుంది" అన్నాడు వాడు. వద్దన్నాను. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీకి బ్యాగేజీలో సుంకం మినహాయింపు లేదు. పైగా అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230, అక్కడి టీవీ ఇక్కడ నేరుగా పనిచేయకపోవచ్చు. ఆ సుంకం డబ్బుకి ఇంకొంచెం కలిపితే విజయవాడ బీసెంట్ రోడ్డులో కొత్తది బిల్లుతో సహా వస్తుంది, చెడిపోతే మెకానిక్ ఇంటికే వస్తాడు.

వాడు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంతకీ మొదటిసారి ఎవరొస్తున్నార్రా?" అని అడిగాను.

"మా మామగారూ అత్తగారూ, శ్రావణమాసం అవగానే. ఆర్నెల్లుంటారు."

"ఆయనేం చూస్తారు?"

"రిటైరయ్యారన్నయ్యా. లేచిన దగ్గర్నుంచీ వార్తలే."

"అయితే మినీ ఎల్ఈడీ తీసుకో" అన్నాను.