టెక్ సందేహాలు: అప్‌డేట్ వేశాక పొలంలో కుదుపులు

ఈసారి అన్ని ప్రశ్నలూ ఒకే ఆట మీద. పొలం సాగుచేసుకునే స్టార్‌డ్యూ వ్యాలీ ఆటను ఎరిక్ బరోన్ ఒక్కరే కూర్చుని తయారుచేసి 2016లో వదిలారు. దాని 1.6 అప్‌డేట్ కంప్యూటర్లకు 2024 మార్చి 19న, ఫోన్లకూ గేమ్ కన్సోళ్లకూ అదే ఏడాది నవంబర్ 4న వచ్చింది. ఎప్పుడో ఆడి వదిలేసి, సెలవుల్లో మళ్లీ తెరిచినవాళ్లకే చిక్కులు ఎక్కువ.

ప్రశ్న: నాది పాత ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 1.5లో హాయిగా నడిచిన ఆట 1.6 వేశాక ఆగి ఆగి నడుస్తోంది. ర్యామ్ పెంచమంటారా? (ఖమ్మం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: డబ్బు పెట్టకండి, కనీసం ఇప్పుడే వద్దు. ఈ ఆట అడిగేది 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 256 ఎంబీ గ్రాఫిక్స్ మెమరీ మాత్రమే. పైగా 1.6లో ఆటను డాట్‌నెట్ 6 అనే కొత్త సాఫ్ట్‌వేర్ పునాది మీదకు మార్చి, లోడింగ్ సమయాన్నీ మెమరీ వాడకాన్నీ తగ్గించారు. కాబట్టి అనుమానించాల్సింది ఆటను కాదు, దాని చుట్టూ మీరు చేర్చినవాటిని.

ముందు కుదుపు ఎప్పుడు వస్తోందో గడియారం పెట్టి చూడండి. ఆటలో పది నిమిషాలంటే బయట సుమారు ఏడు సెకన్లు. ఆ పది నిమిషాలు తిరిగిన ప్రతిసారీ ఆట లోకంలోని యంత్రాలు, ఊళ్లో మనుషుల నడకలు అన్నిటినీ ఒక్కసారి లెక్కేసుకుంటుంది. కుదుపు సరిగ్గా ఏడేసి సెకన్లకు వస్తుంటే ఆ లెక్క బరువెక్కిందన్నమాట. ఒకటి, పొలం నిండా వందల కొద్దీ యంత్రాలు ఉండాలి. లేదా ఏదో మోడ్ (ఆటకు బయటివాళ్లు తయారుచేసిన చేర్పు) ఆ క్షణంలో వేలు పెడుతూ ఉండాలి. నా అనుభవంలో రెండోదే ఎక్కువ. అలా కాకుండా కుదుపు ఎడాపెడా వస్తుంటే గ్రాఫిక్స్ సంగతి.

ఏది నిజమో తేలాలంటే మోడ్‌లు లేకుండా ఒక కొత్త పొలం మొదలుపెట్టి పావుగంట ఆడండి. పాత పొలాన్ని మాత్రం మోడ్‌లు తీసేసి తెరవొద్దు. తెరిచి ఆటలో ఒక రాత్రి నిద్రపోయారంటే, ఆ మోడ్‌లు చేర్చిన వస్తువులు పాడైపోయే ప్రమాదం ఉంది.

కొత్త పొలం కూడా కుదుపుతోందా? ఆప్షన్స్‌లోకి వెళ్లి లైటింగ్ క్వాలిటీని కిందికి దించండి. జూమ్ 100 శాతానికి తగ్గకుండా చూడండి, ఎందుకంటే 75 శాతం పెడితే తెర మీద గీయాల్సిన గళ్లు బాగా పెరుగుతాయి. హార్డ్‌వేర్ కర్సర్ ఆన్ చేస్తే మౌస్ ఈడ్చినట్టుండే బాధ పోతుంది. ఇక రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లవాళ్లు చాలామంది ఒకచోట పొరబడతారు. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కి వెళ్లి ఆటకు హై పెర్ఫార్మెన్స్ ఇస్తారు, బాగానే ఉంది. కానీ మోడ్‌లతో ఆడేటప్పుడు నడిచేది స్టార్‌డ్యూ వ్యాలీ ఫైల్ కాదు, స్టార్‌డ్యూ మోడింగ్ ఏపీఐ (పొట్టిగా స్మాపీ, మోడ్‌లను నడిపేది ఇదే) అనే ఇంకో ఫైల్. జాబితాలో చేర్చాల్సింది దాన్ని.

ఒకవేళ ఆప్షన్స్‌లో ఏదో మార్చి తెర మొత్తం నల్లబడితే కంగారు పడకండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి %యాప్‌డేటా% అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ చేయండి. స్టార్‌డ్యూవ్యాలీ ఫోల్డర్‌లో స్టార్టప్ ప్రిఫరెన్సెస్ అనే ఫైల్ ఉంటుంది. దాన్ని తీసేస్తే తెర సెట్టింగ్‌లు మొదటికొస్తాయి. పొలానికి ఏమీ కాదు.

ప్రశ్న: మోడ్‌లు ముప్పై దాకా వాడేదాన్ని. ఇప్పుడు ఆటతోపాటు తెరుచుకునే స్మాపీ నల్ల కిటికీ నిండా ఎర్ర అక్షరాలు. అన్నీ తీసేసి మళ్లీ మొదటినుంచి వేసుకోవాలా? (విజయవాడ నుంచి)

జవాబు: అక్కర్లేదు. అసలు ఎందుకు విరిగాయో తెలిస్తే పని సగం తగ్గుతుంది. 1.6కి ముందు ఆటలో ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉండేది. పార్స్‌నిప్ దుంపకు 24. ఇప్పుడు అంకెల బదులు అక్షరాల గుర్తులు వచ్చాయి, అదే దుంప ఇప్పుడు బ్రాకెట్లో ‘ఓ’, పక్కన 24. పాత పద్ధతిలో అంకె కోసం వెతికే కోడ్‌కు ఇక ఏమీ దొరకదు. అందుకే మోడ్ ఫోల్డర్‌లో డీఎల్ఎల్ ఫైల్ ఉంటే, అంటే లోపల సొంత కోడ్ ఉంటే, దానికి కొత్త వెర్షన్ తప్పనిసరి అనుకోండి. కంటెంట్ ప్యాచర్ అనే మోడ్ సాయంతో బొమ్మలు, మాటలు మాత్రమే మార్చే ప్యాక్‌లలో చాలా వరకు పాతవే నడుస్తాయి. కంటెంట్ ప్యాచర్ కొత్తది వేస్తే పాత ప్యాక్‌లను తనే సర్దుకుంటుంది.

పని వరుస ఇది. మొదట స్మాపీ 4.0 లేదా ఆ తర్వాతిది వేయండి, అంతకన్నా పాతది 1.6తో పనికిరాదు. తర్వాత ఆట ఫోల్డర్‌లోని మోడ్స్ ఫోల్డర్ తెరవండి. స్టీమ్‌లో (ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ఆట పేరు మీద రైట్‌క్లిక్, మేనేజ్, బ్రౌజ్ లోకల్ ఫైల్స్ నొక్కితే అక్కడికే వెళ్తారు. ఆట మొదలుపెట్టి నల్ల కిటికీలో ఊదా రంగు వరుసలు చూడండి. ఏ మోడ్‌కు కొత్త వెర్షన్ వచ్చిందో, ఎక్కడ దొరుకుతుందో అక్కడే రాసి ఉంటుంది. అవన్నీ మార్చాక కూడా ఎరుపు మిగిలితే మోడ్‌లలో సగం తీసి బయట పెట్టి ఆట తెరవండి (కొత్త పొలంతోనే). తప్పు ఏ సగంలో ఉందో తేలుతుంది, ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. ముప్పై మోడ్‌లైనా ఐదుసార్లు తెరిస్తే దొంగ దొరుకుతుంది. మోడ్ నడవడానికి కావాల్సిన తోడు మోడ్‌ను మాత్రం దానితోపాటే ఉంచండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

ఇంకో మాట. 1.6లో సేవ్ అయిన పొలం వెనక్కి 1.5లో తెరుచుకోదు. కాబట్టి మోడ్‌ల కంటే ముందు సేవ్స్ ఫోల్డర్‌ను (%యాప్‌డేటా%లోని స్టార్‌డ్యూవ్యాలీలో ఉంటుంది) వేరేచోట కాపీ పెట్టుకోండి.

ప్రశ్న: ఆటలో నిద్రపోయి సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. ఇప్పుడు పొలం జాబితాలోనే కనిపించట్లేదు. మూడేళ్ల పంట సార్! (నంద్యాల నుంచి)

జవాబు: చాలావరకు దక్కుతుంది. మళ్లీ ఆట తెరవకముందే ఈ పని చేయండి. పైన చెప్పినట్టు %యాప్‌డేటా%లోకి వెళ్లి స్టార్‌డ్యూవ్యాలీ, అందులో సేవ్స్ తెరిస్తే మీ పొలం పేరు, పక్కన ఒక పెద్ద అంకెతో ఫోల్డర్ ఉంటుంది. ముందు దాన్ని డెస్క్‌టాప్ మీదకు కాపీ చేయండి. లోపల నాలుగు ఫైళ్లు ఉండాలి. ఫోల్డర్ పేరే ఉన్నది ఒకటి, సేవ్‌గేమ్‌ఇన్ఫో ఒకటి, ఈ రెండింటికీ చివర అండర్‌స్కోర్, ఓల్డ్ అని తోక ఉన్న జంట. తోక ఉన్నవి ముందు రోజువి. తోక లేని రెండింటినీ తీసేసి, ఉన్న రెండింటి తోకను తుడిచేయండి. పేరు ఫోల్డర్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, చివర డాట్ టెక్స్ట్ లాంటివి చేరకూడదు. పోయేది ఆటలో ఒక్క రోజే.

తెరిచేటప్పుడు స్టీమ్ ‘ఈ కంప్యూటర్‌లోదా, క్లౌడ్‌లోదా’ అని అడిగితే కంప్యూటర్‌లోది అనండి. లేకపోతే క్లౌడ్‌లో ఉన్నది వచ్చి మీరు బాగుచేసిన దాని మీద కూర్చుంటుంది.

తోక ఉన్న ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఖాళీ కనిపించిందా? అది కూడా పోయినట్టే. అప్పుడు ఆట ఫోల్డర్‌లో సేవ్ బ్యాకప్స్ అనేది ఉందేమో చూడండి. స్మాపీ వాడేవాళ్లకు అది తనంతట తానే చివరి పది కాపీలు దాచి ఉంచుతుంది. నన్నడిగితే మోడ్‌లు వాడనివాళ్లు కూడా స్మాపీ వేసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు, ముఖ్యంగా కరెంటు మీద భరోసా లేని ఊళ్లలో.

సేవ్‌కు అంత సేపు ఎందుకంటే, మొత్తం లోకం ఒకే ఎక్స్ఎంఎల్ ఫైల్‌గా ప్రతి రాత్రీ మొదటినుంచీ తిరిగి రాయబడుతుంది. ప్రతి చెట్టు, ప్రతి గడ్డి దుబ్బు, ప్రతి పెట్టెలోని ప్రతి వస్తువు అందులో ఉంటాయి. అనవసరమైన సామాను అమ్మేస్తే ఫైల్ తగ్గుతుంది. హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారితే తేడా కళ్లకు కడుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఇద్దరం, హైదరాబాద్‌లో ముగ్గురం, బెంగళూరులో ఫోన్ మీద ఆడే తమ్ముడు. అందరం ఒకే పొలంలో ఆడగలమా?

జవాబు: కంప్యూటర్లున్న ఐదుగురూ ఆడగలరు. 1.6 నుంచి పీసీలో ఒక పొలంలో ఎనిమిది మంది దాకా పడతారు. తమ్ముడికి వీలు కాదు, ఫోనుకూ పీసీకీ మధ్య కలిసి ఆడే అధికారిక ఏర్పాటు లేదు. అందరి ఆట వెర్షన్ ఒకటే ఉండాలి. పొలం ఎవరిదైతే వాళ్ల కంప్యూటర్‌లోనే సేవ్ అవుతుంది, వాళ్లు ఆట మూస్తే అందరూ బయటికే. అందుకని ముగ్గురున్న హైదరాబాద్‌లోనే, నెట్ బాగున్నవాళ్లు పొలం తెరవండి. ఒకరు మెనూ తెరిచినా మిగతావాళ్లకు కాలం ఆగదు. ఎవరైనా టీ పెట్టుకు రావాలంటే పొలం యజమాని చాట్‌లో స్లాష్, పాజ్ అని కొట్టాలి. ఐదుగురు పనిచేస్తే డబ్బు వరదలా వస్తుంది, ఆటలో పస పోతుంది. పొలం మొదలుపెట్టే ముందే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో లాభం శాతాన్ని 50కి దించండి.

ప్రశ్న: పాత పొలంలోనే 1.6లోని కొత్తవన్నీ దొరుకుతాయా? పళ్లు ఎండబెట్టే డీహైడ్రేటర్ యంత్రం కొనడం దండగ అంటున్నారు, నిజమేనా?

జవాబు: మెడోలాండ్స్ పొలం కావాలంటే మాత్రం కొత్తగా మొదలుపెట్టాలి. అందులో రెండు కోళ్లు, గూడు, నీలిగడ్డి ముందే ఇస్తారు. మిగతావి దాదాపు అన్నీ పాత పొలానికీ వస్తాయి. ఆటలో వడ్రంగి రాబిన్ దగ్గర 5,000 గోల్డ్‌కి పెద్ద పెట్టె తయారీ విధానం కొనండి. 120 కలప, 2 రాగి కడ్డీలతో 70 అరల పెట్టె తయారవుతుంది, మామూలు పెట్టెకు 36 అరలే. పాత పెట్టెను ఖాళీ చేయనక్కర్లేదు, దాని మీదే పెడితే సరిపోతుంది.

ఇక డీహైడ్రేటర్. దుకాణదారు పియెర్ దగ్గర దాని తయారీ విధానానికి 10,000 గోల్డ్. ఐదు పళ్లు వేస్తే మర్నాటికి ఎండు పళ్లు. ధర పండు ధరకు ఏడున్నర రెట్లు, పైన 25. స్టార్‌ఫ్రూట్ 750 అనుకుంటే ఐదింటికి 5,650, అంటే పండుకు 1,130. అదే పండును కెగ్‌లో (వైన్ చేసే పీపా) వేసి వైన్ చేస్తే 2,250. దండగ అనేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. వైన్‌కు దాదాపు వారం పడుతుంది, కెగ్‌కు పండు ఒక్కటే. వారమంతా ఒక కెగ్ చేర్చే లాభం 1,500. డీహైడ్రేటర్ ఒక్క రాత్రిలో చేర్చేది 1,900. పళ్లు తక్కువ, యంత్రాలు ఎక్కువ ఉంటే కెగ్. గ్రీన్‌హౌస్ పళ్లు పేరుకుపోతూ కెగ్‌లు చాలకపోతే డీహైడ్రేటర్.

ప్రశ్న: ఈ ఆట తెలుగులో వస్తుందా? లేకపోతే మేమే అనువదించుకోవచ్చా? (తిరుపతి నుంచి)

జవాబు: ఆటతో వచ్చే భాషల్లో తెలుగు లేదు. బయటివాళ్లు సొంత భాషను చేర్చే దారి 1.5.5లోనే తెరిచారు, అలా పోలిష్, ఉక్రేనియన్ వచ్చాయి. మాటలు అనువదించడం మనకూ కష్టం కాదు, గుండం అక్షరాల దగ్గర ఉంది. ఈ ఆట ప్రతి అక్షరాన్నీ ఒక చిన్న బొమ్మగా దాచుకుని పక్కపక్కన పేరుస్తుంది. ఇంగ్లిష్‌కి అది చాలు. మన ‘క్ష్మి’లో క, ష, మ, వాటి మధ్య పొల్లులు, చివర గుడి కలిసి ఒక్క రూపం కావాలి. ఆ కలిపే పని చేసే యంత్రాంగం ఇందులో లేదు. ‘లక్ష్మి’ అని రాస్తే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి ఒకదాని పక్కన ఒకటి బారుగా నిలబడతాయి. దీన్ని దాటాలంటే కావాల్సిన ప్రతి సంయుక్తాక్షరానికీ విడిగా బొమ్మ గీసి ఒక్కో గుర్తు కేటాయించాలి, తర్వాత అనువాదం మొత్తాన్నీ ఆ గుర్తుల్లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ రాయాలి. చేయదగ్గదే. కానీ మొదలుపెట్టే ముందు ఒక్క డైలాగ్‌తో, వత్తులు దండిగా ఉన్నదాన్ని ఎంచుకుని, ఫాంట్ పరీక్ష చేయండి.